అరవై మూడు చింతపిక్కలు

నా భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే. నా పిల్లకి ప్రాణం మీదికి వస్తుంది. నేను పక్కనే కూర్చుని, మామూలు జలుబేలే అనుకుంటాను.

ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి నలుగురిలో కాగితం చదవమన్నా నాకు భయమే. అది వేరే సంగతి. ఈ భయం మాత్రం మైత్రి పుట్టినప్పుడు దాంతో పాటే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. ఎనిమిది నెలలుగా మాతోనే ఉంటోంది.

ఇవాళ, బుధవారం ఉదయం తొమ్మిదింటికి నేను మంచం మీద కూర్చుని, నిద్రపోతున్న మైత్రి గౌను పైకెత్తి, పొట్ట వైపు చూస్తూ లెక్కపెడుతున్నాను.

"ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు..."

పిల్లకి మూడు రోజులుగా జలుబు, దగ్గు. ముందురోజు సాయంత్రం నుంచి ఒళ్ళు వేడి. బయట పొగమంచు ఇంకా విడలేదు. హిందీ మాట్లాడే ఈ కార్ఖానా ఊళ్ళో, మా బారిడీహ్‌లో డిసెంబరు వచ్చిందంటే పది దాటితే గాని ఎదురింటి గోడ కనిపించదు.

లెక్కపెట్టమని చెప్పింది అర్పిత దీదీ. మా బస్తీలో ఇంటింటికీ తిరిగి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసుకునే ఆరోగ్య కార్యకర్త. ఇక్కడ వాళ్ళని సహియా అంటారు. ఒడియా మనిషి. నాతో హిందీలోనే మాట్లాడుతుంది గాని, నాకు అర్థమయ్యే దాకా మూడుసార్లు చెప్పడానికి విసుక్కోదు.

"జలుబు చేసిందని పాలు మానకు, ఇంకా ఎక్కువసార్లు ఇయ్యి. దుకాణంలో దగ్గుమందు కొని పొయ్యకు. పిల్ల ఏడవకుండా, పాలు తాగకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. మైత్రి వయసు పిల్లకి యాభైకి చేరితే నాకు ఫోన్ చెయ్యి. డొక్కలు లోపలికి పోతుంటే ఫోన్ కోసం కూడా ఆగకు" అని చెప్పింది.

దగ్గుమందు గొడవ అప్పటికే ఒకటి నడిచింది. మా ఆయన అప్పలరాజు ముందురోజు కార్ఖానాలో డ్యూటీ దిగి వస్తూ ఒక సీసా పట్టుకొచ్చాడు. "మా సూపర్‌వైజర్ బాబుకి ఇదే రాసినారంట, రెండ్రోజుల్లో ఠీక్" అన్నాడు. నేను తలూపి, ఆ సీసాని బియ్యం డబ్బాలో అడుక్కి తోసేశాను.

"ముప్పై ఒకటి, ముప్పై రెండు..."

"ఏటే సేత్తన్నావు?"

మా అత్త కస్తూరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నేను వేలు పైకెత్తి ఆగమన్నాను. గడియారంలో ఎర్రముల్లు ఇంకా పన్నెండు దగ్గరికి రాలేదు.

"నలభై మూడు, నలభై నాలుగు. అయిపోయింది. ఊపిరి లెక్కెడతన్నాను అత్తా."

"ఏటి?"

"ఊపిరి. నిమిషానికి ఎన్నిసార్లు..."

"ఓలమ్మ! నీ నోట్లో మన్నడిపోనూ! ఊపిరి లెక్కెట్టీది ఎవులికే? పోయేవోలికి. మంచం దించినాక సుట్టూ కూకుని ఎట్టే లెక్కది. నిద్దరోతున్న సంటిదానికి ఎడతావా?"

"అర్పిత దీదీ చెప్పింది అత్తా..."

"దాన్ని దానింటికాడ లెక్కెట్టుకోమను. నా ఇంట్లో కాదు."

"నలభై నాలుగే వచ్చింది. యాభైకి చేరలేదు. బాగానే ఉన్నట్టు."

ఆవిడ నా వైపు అదోలా చూసింది. ఏదో అనబోయి, దగ్గు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది.

మా ఇద్దరి మధ్య మాటలు తెగింది బోర్సీ దగ్గర. బోర్సీ అంటే నిప్పుల కుండ. చలికాలం వస్తే ఇక్కడ ప్రతి గుమ్మం ముందూ ఒకటి ఉంటుంది. అందరూ వాకిట్లో పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. మా అత్త మాత్రం దాన్ని గదిలోకి తెచ్చి, తలుపులు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి వేస్తుంది. ఈ ఊరొచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆవిడ ఒంటికి ఇంకా మా శ్రీకాకుళం ఎండే అలవాటు.

ముందురోజు పొగకి మైత్రి ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. బోర్సీని వాకిట్లోకి ఈడ్చుకెళ్ళి, చెంబుడు నీళ్ళు పోసి, గుమ్మం పక్కన బోర్లించాను.

"నీ మొగుణ్ణి ఆ బోర్సీ పక్కనే పెంచినాను. నిన్నగాక మొన్నొచ్చి నాకు సెప్తన్నావా?" అంది.

"పొగ పిల్లకి పడదు అత్తా."

"నాను పడతానేటి నీకు?"

అంతే. ఆ తర్వాత కంచంలో అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, మైత్రి బట్టలు ఉతికి దండెం మీద ఆరేసింది. మాట మాత్రం లేదు. ఒకే వంటింట్లో ఇద్దరం ఒకరినొకరు తప్పుకుంటూ తిరిగాం.

అందుకే ఆ నలభై నాలుగు నాకు గెలుపులా అనిపించింది. నిజం చెప్తున్నాను, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. అత్త మాట వినకుండా లెక్కపెట్టాను, లెక్క బాగా వచ్చింది అనుకుని, పప్పు పొయ్యి మీద పెట్టి, కూనిరాగం కూడా తీశాను.

పదకొండున్నరకి మైత్రి పాలు వదిలేసింది.

నోట్లో పెట్టుకుంది, రెండు గుక్కలు లాగింది, తల పక్కకి తిప్పేసింది. మళ్ళీ పెట్టాను. ఒక్క గుక్క. అది ఏడవలేదు కూడా. ఏడిస్తే బాగుండును. కళ్ళు సగం మూసుకుని, ప్రతి ఊపిరికీ గొంతులో చిన్న మూలుగు.

మంచం మీద పడుకోబెట్టి గౌను ఎత్తాను. గడియారం చూశాను. మా గోడ గడియారం విశ్వకర్మ పూజకి మా ఆయన కాంట్రాక్టరు పంచింది. అందరికీ స్టీలు గిన్నెలు ఇచ్చే కాంట్రాక్టరు ఆ ఏడాది గడియారాలు ఇచ్చాడు. గిన్నె ఇవ్వలేదని నేను సణుక్కున్నాను.

నలభై రెండు వచ్చింది. మళ్ళీ పెట్టాను. ముప్పై తొమ్మిది. మూడోసారి నలభై ఆరు.

ఒక్కో నిమిషానికి ఒక్కో లెక్క ఎలా వస్తుంది? ఎక్కడో తప్పుతోంది. ఇరవై దాకా బాగానే వెళ్తున్నాను. ముప్పై దాటాక అంకె పొడుగవుతుంది. 'ముప్పై ఎనిమిది' అని నోట్లో పూర్తయ్యేలోపు ఆ చిన్న పొట్ట ఇంకోసారి లేచిపోతోంది. గడియారం వైపు కన్ను తిప్పేసరికి రెండు జారిపోతున్నాయి. పొద్దున నలభై నాలుగు కూడా అలా వచ్చిందే.

అంటే పొద్దున తొమ్మిదింటికే...

"నాకు లెక్క రాదు." పైకే అన్నాను. "నా పిల్ల ఊపిరి లెక్కపెట్టడం కూడా నాకు రాదు."

ఏడుపు వచ్చేసింది. గుమ్మంలో అత్త ఉందని అప్పుడు చూశాను. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

తిడుతుందనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బా మూత తీసిన చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు ఒక చేతిలో స్టీలు కంచం, ఒక చేతిలో చింతపిక్కల డబ్బా. చింతపండు నానబెట్టినప్పుడల్లా పిక్కలు కడిగి, ఆరబెట్టి, ఆ డబ్బాలో దాస్తుంది. మధ్యాహ్నాలు పక్కింటావిడతో ఆడుకోవడానికి.

మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నువ్వు గడియారం సూడు. అదొక్కటే సూడు. ఇటు సూడకు."

"అత్తా..."

"నాను పిక్కలేత్తాను."

"లెక్కెట్టకూడదన్నావు కదా."

"నాను లెక్కెడతన్నానేటి? పిక్కలేత్తన్నాను. ముల్లు పైకొచ్చినాక సెప్పు."

ఎర్రముల్లు పన్నెండు మీదికి వచ్చింది.

"ఊఁ" అన్నాను.

టిక్. టిక్. టిక్.

స్టీలు కంచంలో ఒక్కో పిక్క పడుతోంది. నేను గోడ వైపే చూస్తున్నాను. ఆ చప్పుడు విన్నాక నాకు అర్థమైంది. ముల్లు ఒక గీత దాటేలోపే టిక్. ఒక్కోసారి గీతకి రెండు. మూడు రోజులుగా నా చెవి పక్కన నడుస్తున్న ఊపిరి ఇంత వేగంగా నడుస్తోందని నాకు తెలియనే లేదు.

"ఆపు."

అత్త చెయ్యి ఆగింది. కంచం నా ముందుకి తోసింది. "నువ్వెట్టు లెక్క. ఇయ్యి పిక్కలే కదా."

పదేసి పిక్కల చొప్పున కుప్పలు పోశాను. ఆరు కుప్పలు. మూడు మిగిలాయి.

అరవై మూడు.

మళ్ళీ లెక్కపెట్టాను. పిక్కలు కదలవు, జారవు. అరవై మూడే.

తలెత్తేసరికి అత్త నా వైపు చూడటం లేదు. మైత్రి గౌను ఇంకాస్త పైకి జరిపి, పక్కటెముకల కింద చూపుడువేలు ఆనించి ఉంది.

"ఇక్కడ సూడు."

చూశాను. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా ఎముకల కింద చర్మం సొట్టలా లోపలికి పోతోంది. ఎవరో లోపలి నుంచి దారం కట్టి లాగినట్టు.

"డొక్కలెగరేత్తంది" అంది అత్త. ఆవిడ గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. "నాను సూసినాను ఇది. నాకు తెలుసు."

ఆవిడ వేలు అక్కడి నుంచి తియ్యలేదు.

"నీ మొగుడికంటే ముందర ఒక ఆడగుంట నాకు. సత్యభామ. ఈ గదిలోనే. పది నెలలు. జలుబన్నారు. ఆముదం పోసినాం. గాలి సోకినాదన్నారు. కాల్సిన గాజుముక్కతో డొక్కల మీద సురకలెట్టించినాం. సురక పెడితే ఏడిసినాది. ఏడిసినాది కదా, బాగైపోనాదనుకున్నాం."

మైత్రి గౌను కిందికి దించింది.

"మరునాడు కూకుని లెక్కెట్టినాను. అప్పుడెట్టినాను లెక్క."

ఆ గదిలో నేను రెండేళ్ళుగా పడుకుంటున్నాను, లేస్తున్నాను. ఆ పేరు ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. పొద్దున ఆవిడ నా మీద ఎగిరినప్పుడు దిష్టి భయం అనుకున్నాను.

"అత్తా, నాకు తెలీదు..."

"ఏడుపు తరవాత. ఆ దీదీకి ఫోన్ కొట్టు. బేగి!"

అర్పిత దీదీ పది నిమిషాల్లో వచ్చింది, సైకిలు వాకిట్లో పడేసి. గౌను ఎత్తింది, చూసింది. తన గడియారం పెట్టుకుని లెక్కపెట్టబోయి, కంచంలో కుప్పలు చూసి ఆగింది.

"యే క్యా హై?"

"ఒక నిమిషం" అన్నాను. "అరవై మూడు. మా అత్త పిక్కలేసింది, నేను గడియారం చూశాను."

దీదీ ఒక్క క్షణం మా అత్త వైపు చూసింది. వాళ్ళిద్దరికీ ఎప్పుడూ పడదు. 'ముసలావిడ నన్ను గుమ్మం దాటనివ్వదు' అని దీదీ, 'మన ఇంటి సంగతులు దానికెందుకు' అని అత్త. ఆ క్షణంలో దీదీ వంగి మా అత్త మోకాలు తాకింది.

"చలో" అంది నాతో. "అభీ, ఇప్పుడే. టీకాల కార్డు తీసుకో. దారిలో కొద్దికొద్దిగా పాలు ఇస్తూ ఉండు, తాగినంత తాగనీ. గట్టిగా చుట్టెయ్యకు, ఊపిరి ఆడనీ."

ఆటోకి కూడా తనే ఫోన్ చేసింది. గల్లీ మలుపు దాకా పరిగెత్తి ఎదురెళ్ళింది.

"నువ్వు కూడా రా అత్తా" అన్నాను.

"నాకు దగ్గు. సంటిదానికి అంటుకుంటాది. ఆడు రెండింటికి డూటీ దిగి ఇంటికొత్తే సెప్పాల కదా. పనికాడ ఫోన్లు లాకర్లో ఎట్టేత్తారు, మరెలాగ?" మాట మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పింది. "ఎల్లు, ఎల్లు."

ఆటో కదలబోతుంటే గుమ్మం పట్టుకుని మళ్ళీ పిలిచింది. పాత చీర ముక్కలో ఏదో మూట కట్టి, నా ఒళ్ళోకి విసిరింది. చేత్తో పట్టుకోగానే తెలిసింది. పిక్కలు.

"డాట్రుకి సూపించు. నీ మాట నమ్మకపోతే పిక్కల్ని లెక్కెట్టుకోమను!"

ఆటో డ్రైవరు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆ ఏడుపులోనే.

ఆసుపత్రిలో మమ్మల్ని వరసలో నిలబెట్టలేదు. దీదీ కౌంటరు దగ్గర రెండు మాటలు చెప్పిందో లేదో ఒక నర్సు మైత్రిని నా చేతుల్లోంచి తీసుకుంది. వేలికి చిన్న క్లిప్పు పెట్టారు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. ఇంజెక్షన్ ఇచ్చారు. నేను గోడకి ఆనుకుని అన్నీ చూస్తూ నిలబడ్డాను.

డాక్టరమ్మ నా కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నిమోనియా అంది. ఊపిరితిత్తుల్లో పట్టుకుంది, అది జలుబు కాదు అంది.

"ఎప్పటి నుంచి ఊపిరి వేగంగా ఉంది?"

పొద్దున నలభై నాలుగు సంగతి చెప్పాను. దాచుకోలేదు. అంకెలు ఎలా జారాయో చెప్పాను. తర్వాత మూట విప్పి ఆవిడ బల్ల మీద పెట్టాను.

ఆవిడ చింతపిక్కల్ని చూసింది, నన్ను చూసింది. పెన్ను పక్కన పెట్టి, మైత్రి దగ్గరికి వెళ్ళి, తన చేతి గడియారంతో నిండా ఒక నిమిషం నిలబడింది. తిరిగి వచ్చి కాగితం మీద 64 అని రాసింది.

"ఒకరు గడియారం, ఒకరు పొట్ట. ఒక్క మనిషికి రెండూ కష్టమే. మా నర్సులకి కూడా తప్పుతుంది. ఈ పద్ధతి ఎవరు నేర్పారు?"

"మా అత్త."

"ఏం చదువుకుంది?"

"సంతకం రాదండి."

డాక్టరమ్మ పిక్కల్ని ఒక్కటి కూడా కింద పడకుండా గుడ్డలో కట్టి నా చేతికి ఇచ్చింది. "ఇంటికెళ్ళాక ఆవిడకి నా నమస్కారం చెప్పు. సమయానికి తెచ్చారు. ఈ సాయంత్రానికి తేడా కనిపించాలి" అంది.

వెంటనే ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియలేదు. ఆ గొట్టానికి, ఆ నర్సు చల్లటి చేతులకి, బస్తీ సందుల్లో పొగమంచులో సైకిలు తొక్కుకొచ్చిన అర్పిత దీదీకి, స్టీలు గిన్నె బదులు గడియారం ఇచ్చిన కాంట్రాక్టరుకి కూడా మనసులో దండం పెట్టాను. సణుక్కున్నందుకు క్షమించమన్నాను.

రెండు దాటాక దీదీ వెళ్ళాల్సి వచ్చింది. ఇంకో గల్లీలో నెలలు నిండిన మనిషి ఉంది. "ఘబరావ్ మత్ బిందూ, భయపడకు" అని నా బుగ్గ తట్టి, "నా ఫోన్‌లో ఛార్జి అయిపోయింది, రేపు పొద్దున వస్తాను" అని వెళ్ళిపోయింది.

మూడు కావస్తుండగా అప్పలరాజు వచ్చాడు, ఒంటి మీద డ్యూటీ బట్టలతోనే. పనిలో పెట్టుకునే హెల్మెట్ చంకలో ఉంది.

"ఎలాగుందే? ఎక్స్‌రే తీసినారా? ఏటన్నారు?"

"బాగుంది మావా. చూడు, నిద్రపోతోంది. గొంతులో మూలుగు ఆగింది."

మంచం అంచున కూర్చుని పిల్ల అరికాలు పట్టుకున్నాడు. తర్వాత, "ఆ సీసా పోసినావా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు. బియ్యం డబ్బాలో ఉంది."

"మంచి పని సేసినావు" అన్నాడు తల దించుకుని. మా ఆయన నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి.

అప్పుడు చెప్పాను, సత్యభామ సంగతి.

"నాకు అక్కుందా?" అన్నాడు. కాస్త ఆగి, "అమ్మెప్పుడూ సెప్పలేదు" అన్నాడు. ఇంకాస్త ఆగి, మళ్ళీ, "నాకు అక్కుందా?"

ఆవిడ ఇన్నేళ్ళూ నోట్లో పట్టుకున్న మాటని నా పిల్ల కోసం ఇవాళ నేల మీద పెట్టేసింది.

నాలుగింటికి మైత్రి కళ్ళు తెరిచింది. పాలు తాగింది. ఒక పక్క మొత్తం తాగింది! నర్సు వచ్చి లెక్కపెట్టి, "యాభై రెండు, తగ్గుతోంది" అంది. నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మకి సెప్పు" అన్నాడు. "పాలు తాగినాదని సెప్పు. ఆడ ఒక్కర్తీ దిగులుగా ఉంటాది."

"నువ్వు ఇంటికి వెళ్ళినప్పుడు ఏమంది?"

"నాను ఇంటికెక్కడెల్లినాను? గేటు దాటినాక ఫోన్ తెరిస్తే దీదీ మెసేజి ఉంది. సీదా ఇక్కడికే వచ్చినాను."

అంటే ఆటో కదిలిన దగ్గర్నుంచి ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడకి ఒక్క కబురూ అందలేదు.

ఫోన్ చేశాను. మా అత్తది మీటల ఫోను. సంచిలో వేసి నడుముకి కట్టుకుంటుంది. మొదటి మోతకే ఎత్తి, "ఎవులూ?" అని వీధి అదిరేలా అరుస్తుంది.

మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది.

రెండోసారి చేశాను. మూడోసారి.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిక్కలు వేస్తున్నప్పుడు నా మోకాలికి తగిలిన ఆవిడ చెయ్యి పెనం మీంచి తీసినట్టు కాలింది. పొద్దున గుమ్మంలో కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ముందురోజు కూడా దగ్గింది. 'ఎల్లు, ఎల్లు' అన్నప్పుడు మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగింది. గుమ్మం పట్టుకున్నది నన్ను పిలవడానికి కాదేమో, నిలబడలేకేమో. మేం ముగ్గురం ఆడవాళ్ళం ఆ గదిలో ఉన్నాం. అందరం మైత్రి పొట్ట వైపే చూశాం.

ముందురోజు బోర్సీ ఎందుకు లోపలికి తెచ్చుకుంది? పిల్లకని నేను పోట్లాడాను. చలి జ్వరం ఆవిడకే వచ్చి ఉంటే?

ఇప్పుడు ఇంట్లో పిల్ల లేదు. అడ్డుపడే కోడలు లేదు. వణుకు పుడితే ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలుసు. కుండ లోపలికి తెచ్చుకుంటుంది. తలుపులు మూసుకుంటుంది. మూసిన గదిలో నిప్పుల పొగ పడుకున్న మనిషిని మళ్ళీ లేవనివ్వదు.

"మావా" అన్నాను.

అతను అప్పటికే హెల్మెట్ తీసుకుని లేచాడు. నా మొహంలో ఏం చూశాడో గాని, పరుగందుకున్నాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు విన్నాను. సైకిలు మీద ఇక్కడి నుంచి బారిడీహ్ చేరాలంటే అరగంటకి తక్కువ పట్టదు. దీదీ ఫోన్ ఆగిపోయి ఉంది. పక్కింటివాళ్ళు సోమవారమే ఊరెళ్ళారు.

మైత్రి నా ఒళ్ళో ఉంది. దాని పొట్ట నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. నేను దీన్ని వదిలి కదలలేను.

మీలో ఎవరైనా ఆ దగ్గర్లో ఉంటే మీకు చేతులెత్తి దండం పెడతాను. నీళ్ళ ట్యాంకు దాటాక రెండో గల్లీ, చివరి నుంచి మూడో ఇల్లు, ఆకుపచ్చ తలుపు. గుమ్మం పక్కన ఒక మట్టికుండ బోర్లించి ఉండాలి. నేనే నీళ్ళు పోసి బోర్లించాను. అది అక్కడే ఉంటే, తలుపు తట్టి, మనవరాలు పాలు తాగిందని చెప్పండి చాలు.

కుండ అక్కడ లేకపోతే మాత్రం తట్టి ఊరుకోకండి. తలుపు తోయండి. కిటికీలు రెండూ తెరవండి. కస్తూరమ్మా అని గట్టిగా పిలవండి. ఆవిడ తిడుతుంది, తిట్టనివ్వండి. పక్కన కూర్చుని, ఒక్క నిమిషం, ఆవిడ ఊపిరి ఎలా ఉందో చూడండి.